ఒక ఫైలు, పదకొండు చేతులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ఒకటే గోల. నలుగురు కలిసి పుస్తకమో మాన్యువలో రాస్తున్నారు, ఫోల్డర్ షేర్ చేస్కున్నారు, నెల తిరిగేసరికి ఏ ఫైల్ అసలుదో ఎవరికీ తెలీట్లేదు. నేను ముందు డీటీపీలో (కంప్యూటర్లో పేజీలు కూర్చే పని), తర్వాత డాక్యుమెంటేషన్‌లో ఏళ్ళ తరబడి ఇదే పని చేశా, అందుకే ఈ నెల పేజీ మొత్తం దీనికే ఇచ్చేస్తున్నా. కొందరు పేర్లు వద్దన్నారు కాబట్టి ఎవరి పేర్లూ వేయట్లేదు.

ప్రశ్న: అక్కా, మాది నర్సరావుపేట దగ్గర ఊరు. మా హైస్కూల్‌కి 75 ఏళ్ళు నిండుతున్నాయని పాత విద్యార్థులం సావనీర్ వేస్తున్నాం. 11 మందిమి, ఇద్దరు డల్లాస్‌లో, ముగ్గురు హైదరాబాద్‌లో, మిగతా వాళ్ళం ఊళ్ళోనే. గూగుల్ డ్రైవ్‌లో నేనే ఫోల్డర్ పెట్టి అందరికీ ఎడిటర్ ఇచ్చేశా. లోపల ఎవరి పేరుతో వాళ్ళు ఫోల్డర్ పెట్టుకున్నారు. ఇప్పుడు హెడ్మాస్టర్ గారి మీద వ్యాసం ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘కొత్త ఫైనల్’, ‘ఇదే ఫైనల్’ అని నాలుగున్నాయి. పైగా పోయిన వారం ఒకతను తన డ్రైవ్ నిండిపోయిందని సర్దుకుంటూ ఏవో తీసేశాడంట, మా ఫోల్డర్‌లో ఆరు వ్యాసాలు కనపడట్లేదు. ఫోల్డర్ నాది కదా, నాకు చెప్పకుండా ఎలా పోతాయి? ప్రెస్‌కి ఇవ్వడానికి రెండు నెలలే ఉంది.

జవాబు: ముందు ఆ ఆరు వ్యాసాలు, ఎందుకంటే దానికి గడువుంది (ఈ ముక్క మీకు మెయిల్ వచ్చిన రోజే రాసి పంపా, మిగతా వాళ్ళ కోసం మళ్ళీ చెప్తున్నా). ఫోల్డర్ మీదే, నిజమే, కానీ మామూలు జీమెయిల్ అకౌంట్లతో షేర్ చేస్కున్న ఫోల్డర్‌లో ఫైల్ ఎవరు తయారుచేస్తే ఆ ఫైల్‌కి వాళ్ళే ఓనర్. ఇల్లు మీది, లోపల సామాను అద్దెకున్నవాళ్ళది, అంతే. ఆ ఫైల్ తీసుకునే స్థలం కూడా వాళ్ళ 15 జీబీలోంచే పోతుంది. జీమెయిల్, ఫొటోలు, డ్రైవ్ మూడిటికీ కలిపి ఉచితంగా ఇచ్చేది ఆ 15 జీబీనే, కాబట్టి అతను తన పేరు మీద కనపడ్డవి తీసేసుకుంటూ పోయుంటాడు, మీ పుస్తకం పాడవుతుందని అనుకునుండడు. అతన్ని ఎవరూ ఏమీ అనకండి. ఓనర్ తీసేసిన ఫైల్ అతని ట్రాష్‌లో 30 రోజులుంటుంది, ఆ లోపల అతను వెనక్కి తేవాల్సిందే, అది మీ చేతిలో లేదు. అవి వేరేవాళ్ళ ఫైళ్ళయి, అతను మీ ఫోల్డర్లోంచి మాత్రమే తీసేసుంటే ఇంకా మంచిది, అప్పుడు ఫైల్ పోలేదు, రాసినవాళ్ళ డ్రైవ్‌లో ఎక్కడో విడిగా పడుంటుంది, వాళ్ళని సెర్చ్ బాక్స్‌లో ఆ వ్యాసం పేరు కొట్టి వెతకమనండి.

ఇది మళ్ళీ జరక్కుండా ఉండాలంటే సావనీర్ కోసం విడిగా ఒక జీమెయిల్ అకౌంట్ తెరవండి. కమిటీ అకౌంట్ అన్నమాట. రికవరీ ఫోన్ మీది, రికవరీ మెయిల్ ఇంకొకరిది పెట్టండి, ఒక్క మనిషి మీద ఆధారపడొద్దు. ప్రతి వ్యాసానికీ ఖాళీ డాక్యుమెంట్ ఆ అకౌంట్లోంచే తయారుచేసి, అప్పుడు రాసేవాళ్ళని అందులో రాయమనండి. ఇప్పటికే ఉన్నవాటికి షేర్ సెట్టింగ్స్‌లో ఓనర్‌షిప్ ట్రాన్స్‌ఫర్ ఉంది, వాళ్ళు పంపాలి, కమిటీ అకౌంట్‌లో మీరు ఒప్పుకోవాలి, రెండూ జరిగితేనే మారుతుంది. ఫోల్డర్ ఓనర్‌షిప్ మార్చేస్తే లోపలి ఫైళ్ళు కూడా మారిపోతాయని చాలామంది అనుకుంటారు, అలా మారవు, ఒక్కొక్క ఫైల్‌కీ చేయాలి. విసుగే, కానీ 40 వ్యాసాలున్నా ఒక ఆదివారం మధ్యాహ్నం పని. డబ్బులు కట్టి గూగుల్ వర్క్‌స్పేస్ వాడే ఆఫీసులకైతే షేర్డ్ డ్రైవ్ అని వేరే ఏర్పాటుంది, అందులో ఫైల్ మనిషిది కాకుండా సంస్థదే అవుతుంది, మనిషి వెళ్ళిపోయినా ఫైల్ ఉంటుంది. మీకు అంత అక్కర్లేదు.

ఇప్పుడు ఫోల్డర్లు. మనుషుల పేర్లతో ఫోల్డర్లు పెట్టుకోవడం దగ్గరే మీ ‘ఫైనల్’ గోలంతా మొదలైంది. హెడ్మాస్టర్ గారి వ్యాసం ఒకరు రాశారు, ఇంకొకరు దిద్దారు, మూడో ఆయన ఇంటర్వ్యూ ముక్క కలిపారు, ముగ్గురికీ మూడు ఫోల్డర్లున్నాయి, మరి ఆ వ్యాసం ఎక్కడుండాలి? ఎక్కడుండాలో తెలీక ప్రతి ఒక్కరూ ఒక కాపీ తమ ఫోల్డర్లోకి లాక్కున్నారు. మీ పేర్లు తీసేసి పని ఎంతవరకు వచ్చిందో దాన్ని బట్టి పెట్టండి. రాస్తున్నవి ఒకటి, దిద్దుతున్నవి ఒకటి, ఖరారైనవి ఒకటి, ఫొటోలు ఒకటి, ప్రెస్‌కి ఇచ్చినవి ఒకటి, పక్కన పడేసినవి ఒకటి. పేర్ల ముందు 01, 02 అని అంకెలేస్తే ఎవరి ఫోన్లో చూసినా ఒకే వరసలో వస్తాయి. వ్యాసం ఒక్కటే ఉంటుంది, అది ఒక ఫోల్డర్లోంచి ఇంకో ఫోల్డర్లోకి నడుచుకుంటూ వెళ్తుంది, కాపీ అవ్వదు. పక్క ఫోల్డర్లో కూడా కనపడాలంటే డ్రైవ్‌లో షార్ట్‌కట్ పెట్టుకోవచ్చు, అది దారి చూపిస్తుందంతే, ఇంకో ఫైల్ పుట్టదు. ఇంకో మేలుంది, డ్రైవ్‌లో ఫైల్ పేరు మార్చినా చోటు మార్చినా దాని లింక్ మారదు, డల్లాస్ వాళ్ళకి మొదటి రోజు వాట్సాప్‌లో పంపిన లింకే ఆఖరి రోజు కూడా పనిచేస్తుంది.

పర్మిషన్ల దగ్గర కాస్త ఓపిగ్గా వినండి, ఎందుకంటే అసలు పట్టు ఇక్కడే ఉంది. డ్రైవ్‌లో పై ఫోల్డర్‌కి ఇచ్చిన పర్మిషన్ కింద ఉన్న అన్నిటికీ దిగుతుంది. మీరు పై ఫోల్డర్‌కే అందరికీ ఎడిటర్ ఇచ్చారు, అంటే ఖరారైన పేజీలో కూడా 11 మందీ చెయ్యి పెట్టొచ్చు. పై ఫోల్డర్‌కి అందరికీ చూసే హక్కు మాత్రం ఇచ్చి, ‘రాస్తున్నవి’కి అందరికీ ఎడిటర్, ‘దిద్దుతున్నవి’కి దిద్దే ఇద్దరికి మాత్రం ఎడిటర్, మిగతా వాళ్ళకి కామెంటర్, ‘ఖరారు’కి ఎవరికీ ఏమీ లేదు, కమిటీ అకౌంట్ ఒక్కటే, అలా ఇవ్వండి. ఫైల్‌ని విడిగా ఎవరికీ షేర్ చేయకండి, ఫోల్డర్ ద్వారానే ఇవ్వండి. అప్పుడేమవుతుందంటే ఫైల్‌ని ‘రాస్తున్నవి’లోంచి ‘ఖరారు’లోకి జరిపిన క్షణమే పాత ఫోల్డర్ వల్ల వచ్చిన ఎడిటింగ్ హక్కు పోయి కొత్త ఫోల్డర్ హక్కులు వస్తాయి, మీరు ఎవరికీ ఫోన్ చేసి ‘ఇంక ముట్టుకోకండి’ అని మొహమాటపడక్కర్లేదు. అయితే ఫైల్ ఓనర్ రాసినాయనే అయితే ఎక్కడికి జరిపినా ఆయన మార్చగలడు, అందుకే ముందు ఓనర్‌షిప్ గురించి అంతసేపు చెప్పా.

నేను ఎందుకింత పట్టుబడుతున్నానంటే, నేను చాలా ఏళ్ళ క్రితం పనిచేసిన ఒకచోట పంపుసెట్ వాడకం పుస్తకం తెలుగులో వేశాం, ఖరారు ఫోల్డర్‌కి అందరికీ చెయ్యి ఉండేది, ఎవరో ‘చిన్న అచ్చుతప్పే కదా’ అని పాత కాపీలో దిద్ది దాన్నే ఖరారులో పడేశారు. కొత్తగా మార్చిన వైరింగ్ బొమ్మ అందులో లేదు. బండిల్స్ కట్టేశాక ఒక మెకానిక్ చూసి చెప్పాడు. రైతు చేతికెళ్ళే పుస్తకం అది, కరెంటుతో పని, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మొత్తం మళ్ళీ వేయించాం. ఆ రోజు నుంచి ఖరారు అని రాసిన ఫోల్డర్‌కి రెండో మనిషికి తాళం ఇవ్వను.

‘ఫైనల్ 2’ అనే పేరు పెట్టే అవసరం గూగుల్ డాక్స్‌లో అసలు లేదు. ఫైల్ మెనూలో వెర్షన్ హిస్టరీ ఉంటుంది, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో రంగుల్లో చూపిస్తుంది, అందులో ‘నేమ్ కరెంట్ వెర్షన్’ నొక్కి ‘ఇంటర్వ్యూ కలపక ముందు’ అని పేరు పెట్టుకోండి, మాటల్లో పెట్టండి, రెండు నెలల తర్వాత మీకే అర్థమవ్వాలి కదా. దిద్దేవాళ్ళు సజెస్టింగ్ మోడ్‌లో దిద్దితే రాసినాయన ఒప్పుకోవచ్చు లేదా కొట్టేయొచ్చు. మా మేష్టార్ల తరం వాళ్ళకి ఇది చాలా నచ్చుతుంది, ఎర్రసిరాతో దిద్దినట్టే ఉంటుంది. ఇప్పుడున్న నాలుగు ‘ఫైనల్’లని ఏం చేయాలంటే, ఆ వ్యాసంలో చెయ్యి పెట్టినవాళ్ళంతా ఒక గంట కాల్‌లో కూర్చుని ఒకదాన్ని ఎంచుకోండి, మిగతా మూడిట్లో ఉన్న మంచి పేరాలు దాన్లోకి తెచ్చుకోండి, ఆ మూడిటినీ ‘పక్కన పడేసినవి’లో పెట్టండి. డిలీట్ చేయకండి, పుస్తకం వచ్చాక చూద్దాం.

ఫొటోల మాట మర్చిపోతున్నా. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో కుదించుకుపోయి వస్తుంది. పాత గ్రూప్ ఫొటో అచ్చులో 6 అంగుళాల వెడల్పు రావాలంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన 1800 పిక్సెళ్ళు కావాలి. స్కాన్ చేయించి నేరుగా డ్రైవ్‌లోకి ఎక్కించమనండి, వాట్సాపే దిక్కైతే డాక్యుమెంట్‌గా పంపమనండి. ఫొటో పేరు ముందు ఆ వ్యాసం నంబర్ వేస్తే, అంటే వ్యాసం 07 అయితే ఫొటో కూడా 07తో మొదలైతే, డీటీపీ ఆయన మిమ్మల్ని రాత్రి పదింటికి లేపడు.

ప్రశ్న: అక్కా నమస్తే. మాది కరీంనగర్ల డీటీపీ సెంటర్. ముగ్గురం ఆపరేటర్లం. ఒక సిస్టంల ఫోల్డర్ షేర్ పెట్టి మిగిలిన రెండిట్ల నుంచి ఓపెన్ చేస్తం. మేం పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ ఫైల్ వేరే సిస్టంల తెరిస్తే ఫొటోలన్నీ మిస్సింగ్ అని చూపెడ్తది, ఫాంట్లు మారిపోతయి. మొన్న 240 పేజీల పుస్తకం ముగ్గురం ఒక్కసారే చేయాల్సొచ్చింది, ఒకరు తెరిస్తే ఇంకొకరికి పని కాదు. అను ఫాంట్ల పాత మ్యాటర్ కూడ మస్తుగ ఉన్నది. ఎట్ల పెట్టుకోవాలె?

జవాబు: తమ్ముడూ, గూగుల్ డాక్స్ లాగా ఒకే ఫైల్‌లో ముగ్గురు టైప్ చేసే సాఫ్ట్‌వేర్ కాదు ఇన్‌డిజైన్. ఒకరు తెరవగానే పక్కన ఒక చిన్న లాక్ ఫైల్ పుడుతుంది, మూసేదాకా అది ఉంటుంది, రెండోవాళ్ళని ఆపేది అదే. అది మంచిదే, దాన్ని డిలీట్ చేసి లోపలికి దూరొద్దు. 240 పేజీలు ఒకే ఫైల్‌లో పెట్టడం వల్ల వచ్చిన ఇబ్బంది ఇది. అధ్యాయానికి ఒక ఫైల్ చేసి, అన్నిటినీ ఇన్‌డిజైన్‌లోనే ఉన్న బుక్ ఫైల్‌లో వరసగా చేర్చండి. ముగ్గురూ మూడు అధ్యాయాలు తెరుచుకోవచ్చు, పేజీ నంబర్లు బుక్ చూసుకుంటది, ఒక అధ్యాయాన్ని స్టైల్ సోర్స్‌గా పెడితే హెడ్డింగు సైజు మార్చినా అక్కడొక్కచోట మార్చి మిగతా వాటికి సింక్ కొట్టొచ్చు. పుస్తకం మొదలుపెట్టే రోజే ఇట్ల విడగొట్టాలె, మధ్యలో విడగొడితే తలనొప్పే.

ఫొటోలు మిస్సింగ్ రావడానికి కారణం, ఇన్‌డిజైన్ ఫొటోని లోపల దాచుకోదు, అది ఎక్కడుందో దారి రాసుకుంటుంది. షేర్ ఉన్న సిస్టంలో అది డి డ్రైవ్, పక్క సిస్టంలో జెడ్ డ్రైవ్, మూడోదాంట్లో ఇంకేదో, మరి దారి ఎట్ల దొరుకుద్ది? మూడు సిస్టమ్స్‌లోనూ ఆ షేర్ ఫోల్డర్‌ని ఒకే అక్షరంతో మ్యాప్ చేయండి (అంటే ఒకే డ్రైవ్ పేరుతో తగిలించండి), షేర్ ఉన్న సిస్టంలో కూడా డి లోంచి కాకుండా ఆ మ్యాప్ అక్షరంలోంచే తెరవండి, ఇది చాలామంది వదిలేస్తారు. డెస్క్‌టాప్ మీది ఫొటోని, పెన్‌డ్రైవ్‌లో ఫొటోని నేరుగా పేజీలోకి లాగొద్దు, ముందు ఆ పుస్తకం లింక్స్ ఫోల్డర్లో పడేసి అక్కడ్నుంచి ప్లేస్ చేయండి.

పుస్తకానికొక ఫోల్డర్, అందులో అధ్యాయాలు, లింక్స్, ‘డాక్యుమెంట్ ఫాంట్స్’ (Document fonts) అనే పేరుతో ఇంకో ఫోల్డర్ ఉండాలి. ఆ పేరు ఇంగ్లీషులో సరిగ్గా అలాగే ఉండాలి, ఇన్‌డిజైన్ ఫైల్ పక్కనే ఉండాలి, అప్పుడు ఆ ఫైల్ తెరవగానే అందులోని ఫాంట్లు వాటంతటవే ఎక్కుతాయి, సిస్టంలో ఇన్‌స్టాల్ చేయకపోయినా సరే. ప్యాకేజ్ కమాండ్ కొడితే లింకులు, ఫాంట్లు రెండూ అదే సర్ది ఇస్తుంది. మండలి, రామభద్ర, సూరన్న, ధూర్జటి లాంటి యూనికోడ్ (ఏ కంప్యూటర్‌కైనా తెలుగుని తెలుగుగానే చూపించే పద్ధతి) ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి, మూడు సిస్టమ్స్‌లోనూ ఒకే కాపీ వాడొచ్చు. యూనికోడ్ తెలుగుకి పేరాగ్రాఫ్ సెట్టింగ్స్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ పెట్టాలి, లేకపోతే ఒత్తులు విడిపోతాయి.

అను మ్యాటర్ మాత్రం వేరే ఫోల్డర్లో, కలపకుండా పెట్టండి. అది కంప్యూటర్ దృష్టిలో తెలుగే కాదు, ఇంగ్లీషు, ఇంకా వేరే గుర్తుల మీద తెలుగు ముక్కలు గీసిన ఫాంట్, అందుకే రచయితకి గూగుల్ డాక్స్‌లో పంపితే పిచ్చిగీతల్లా కనపడుతుంది, వెతికినా దొరకదు. పాత ఒరిజినల్ ఒక ఫోల్డర్, యూనికోడ్‌లోకి మార్చింది ఇంకో ఫోల్డర్, మార్చాక ప్రూఫ్ చూసింది మూడోది. మార్చిందాన్ని ఒరిజినల్ మీద సేవ్ చేయకండి, కన్వర్టర్ ఎక్కడ ఏ ఒత్తు మింగిందో ప్రింటులో పట్టుకున్న రోజు ఒరిజినల్ కావాలి.

ఇంకో చిన్నది, షేర్ ఉన్న సిస్టం స్లీప్‌లోకి పోకుండా పవర్ సెట్టింగ్ మార్చండి, దానికి యూపీఎస్ తప్పనిసరి. కరెంట్ పోయి వచ్చాక లాక్ ఫైల్ మిగిలిపోతే, ముగ్గురూ మూసేశారని నోటితో అడిగి నిర్ధారించుకున్నాకే తీసేయండి.

ప్రశ్న: మేడం, హైదరాబాద్‌లో టెక్నికల్ రైటర్‌ని, మా టీంలో ఆరుగురం. వర్డ్‌లో 600 పేజీల మాన్యువల్, ఆఫీసు ఫైళ్ళు పెట్టుకునే మైక్రోసాఫ్ట్ షేర్‌పాయింట్‌లో ఉంది. కో-ఆథరింగ్, అంటే ఒకే ఫైల్‌లో అందరం ఒకేసారి రాయొచ్చు అన్నారు కానీ సగం సార్లు ‘లాక్డ్ ఫర్ ఎడిటింగ్’ అని వస్తుంది. మా మేనేజర్ మాస్టర్ డాక్యుమెంట్ (విడి ఫైళ్ళని ఒక పెద్ద వర్డ్ ఫైల్‌కి ముడేసే పద్ధతి) వాడదామంటున్నారు. ఫోల్డర్లు మాడ్యూల్, వెర్షన్, భాష, సంవత్సరం అని ఏడు లెవెల్స్ లోతు ఉన్నాయి.

జవాబు: లాక్ రావడానికి నేను ఎక్కువసార్లు చూసిన కారణాలు రెండు, వాటితోపాటే కనపడే పొరపాటు ఇంకొకటి. ఫైల్ పాత డాక్ ఫార్మాట్‌లో ఉండిపోవడం, కో-ఆథరింగ్‌కి డాక్ఎక్స్ కావాలి, మార్చి సేవ్ చేస్కోండి. లైబ్రరీ (షేర్‌పాయింట్‌లో మీ ఫైళ్ళుండే చోటు) సెట్టింగ్స్‌లో చెక్ఔట్, అంటే ఫైల్‌ని ఒకరి పేరు మీద తీసుకుని రాయడం, తప్పనిసరి అని టిక్ ఉండటం, అది ఉన్నంతవరకు ఒక్కరే రాయగలరు, అది తీసేయమని మీ అడ్మిన్‌ని అడగండి. ఆ పొరపాటేంటంటే, ఎవరో ఒకరు ఫైల్‌ని డెస్క్‌టాప్ మీదకి దింపుకుని రాసి మళ్ళీ అప్‌లోడ్ చేయడం, దానివల్ల లాక్ రాకపోయినా వేరేవాళ్ళ రాత మీద రాత పడుతుంది, అది ఇంకా ఘోరం.

మాస్టర్ డాక్యుమెంట్ గురించి మీ మేనేజర్ గారికి నా మాటగా వద్దని చెప్పండి. పది చేతులు పడే చోట వర్డ్ మాస్టర్ డాక్యుమెంట్ చెడిపోవడం, హెడ్డింగ్ నంబర్లు కలగాపులగం అవ్వడం ఈ ఫీల్డులో పాతబాధ, నేనూ అనుభవించా. అధ్యాయానికొక డాక్ఎక్స్, అందరికీ ఒకే టెంప్లేట్, ఒక్కో అధ్యాయానికి ఒక్కరే బాధ్యులు, రిలీజ్ ముందు ఒక మనిషి కూర్చుని కలిపి పీడీఎఫ్ తీయడం, ఇది పాతపద్ధతే కానీ ఓడదు. మాటిమాటికీ వాడే హెచ్చరికలు, కాపీరైట్ పేజీ, స్క్రీన్‌షాట్లు ‘కామన్’ అని ఒకే ఫోల్డర్లో పెట్టి దానికి ఒకరినే కాపలా పెట్టండి, ఆరుగురి దగ్గర ఆరు రకాల హెచ్చరిక వాక్యాలుంటే కస్టమర్ ఏది నమ్మాలి? మీరు ఎప్పుడైనా పెద్ద మాన్యువల్స్ రాసే సాఫ్ట్‌వేర్ ఫ్రేమ్‌మేకర్‌కి మారినా ఇదే అలవాటు పనికొస్తుంది, అందులో బుక్ ఫైల్, రిఫరెన్స్‌గా తెచ్చుకునే టెక్స్ట్ ఇన్‌సెట్స్ ఉంటాయి, మొత్తం ఒకే చెట్టు కింద ఉండి చెట్టుని చెట్టుగా కదిపితేనే లింకులు నిలుస్తాయి.

ఏడు లెవెల్స్ తగ్గించండి. షేర్‌పాయింట్‌లో ఫోల్డర్ల పేర్లతో సహా మొత్తం దారి 400 అక్షరాలు దాటకూడదు, అదే ఫైల్ మీ విండోస్‌లోకి సింక్ అయినప్పుడు చాలా ప్రోగ్రాములకి పాత 260 అక్షరాల హద్దు ఇంకా తగులుతుంది, అప్పుడు సింక్ ఆగిపోతుంది, ఎందుకాగిందో సగంమందికి తెలీదు. మూడు లెవెల్స్ చాలు: ప్రొడక్ట్, రిలీజ్, అధ్యాయాలు. భాష, సంవత్సరం లాంటివి లైబ్రరీలో కాలమ్స్‌గా పెట్టి ఫిల్టర్ చేస్కోవచ్చు. తీసేసిన ఫైల్ షేర్‌పాయింట్ రీసైకిల్ బిన్‌లో 93 రోజులుంటుంది, డ్రైవ్ కంటే నయం, కానీ దాని మీద ధీమా పెట్టుకోకండి.

ప్రశ్న: విజయనగరం నుంచి ఒక టీచర్‌ని. మా టీచర్లం కలిసి వర్క్‌బుక్ రాస్తున్నాం. ఫైళ్ళకి తెలుగులో పేర్లు పెట్టొచ్చా, ఏమైనా ఇబ్బందా?

జవాబు: పెట్టండి, తప్పకుండా పెట్టండి. మన పాఠానికి మన పేరు ఉంటే పిల్లలకి, మీకు ఎంత తేలిక. రెండు జాగ్రత్తలు మాత్రం. ఒకటి, ఒకే మాటని మనం నాలుగు రకాలుగా రాస్తాం, ఫోటో, ఫొటో, పాఠం, పాఠ్యం, ఒకరు అనుస్వారం పెడతారు ఒకరు పెట్టరు, వెతికినప్పుడు సగం ఫైళ్ళు దొరకవు. కాబట్టి పేరు ముందు తరగతి, పాఠం అంకెలు వేస్కోండి, 05-03 అంటే అయిదో తరగతి మూడో పాఠం, అంకెతో వెతికితే తప్పిపోదు. తేదీ వేస్తే 2025-08-14 లాగా సంవత్సరం ముందు వేయండి, వరస చెదరదు.

రెండోది నిడివి. ‘లక్ష్మి’ అనే పేరు కంటికి రెండక్షరాలే, కంప్యూటర్‌కి మాత్రం ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని 7 కోడ్‌లు, మామూలుగా ఫైల్ పేర్లు దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో కోడ్‌కి 3 బైట్లు, మొత్తం 21. లైనక్స్ మీద నడిచే సర్వర్లలో, ఆఫీసుల్లో పెట్టుకునే చాలా స్టోరేజ్ డబ్బాల్లో పేరు 255 బైట్లు దాటకూడదు, అంటే తెలుగులో 85 కోడ్‌లు, నిజంగా అక్షరాలు లెక్కపెడితే నలభైకి అటూఇటూ. పాఠం మొదటి వాక్యం మొత్తం ఫైల్ పేరుగా పెట్టేవాళ్ళుంటారు, అక్కడే కాపీ ఆగిపోతుంది. ఏటవాలు గీత, ప్రశ్నార్థకం, కోలన్, నక్షత్రం గుర్తు (*) విండోస్ ఒప్పుకోదు, ‘ఎందుకు?’ అని పాఠం పేరైనా ఫైల్ పేరులో ఆ ప్రశ్నార్థకం వదిలేయండి.

ప్రశ్న: అమ్మా, మా అన్నయ్య రిటైరయ్యాక మా ఊరి చరిత్ర రాస్తూ మా అందరికీ డ్రైవ్‌లో ఫోల్డర్ షేర్ చేశాడు. మేం అయిదుగురం అందులో జ్ఞాపకాలు రాసేవాళ్ళం. అన్నయ్య ఏడాది క్రితం పోయాడు. ఫోల్డర్ ఇంకా కనపడుతోంది, కానీ ఆయన పాస్‌వర్డ్ ఎవరికీ తెలీదు. పుస్తకం పూర్తి చేద్దామని ఇప్పుడు అనుకుంటున్నాం.

జవాబు: అన్నయ్య గారి పని మీరు పూర్తి చేయాలి, చేయగలరు. కానీ ఈ పేజీ చదవడం ఆపి ముందు కంప్యూటర్ తెరవండి. రెండేళ్ళు ఎవరూ లాగిన్ అవ్వని సొంత అకౌంట్‌ని, లోపలున్న డ్రైవ్‌తో సహా, గూగుల్ తీసేయొచ్చు, ఆ రూలు 2023లో ప్రకటించారు. మీకు ఒక ఏడాది అయిపోయింది. ఆ ఫైళ్ళు ఆయన పేరు మీదున్నంతవరకు ఆ అకౌంట్ పోతే అవీ పోతాయి.

మీలో ఒకరు కొత్త అకౌంట్ తెరిచి, పైన నర్సరావుపేట వాళ్ళకి చెప్పినట్టే కమిటీ అకౌంట్‌గా, ఫోల్డర్‌ని దానికి షేర్ చేయండి. ఆ అకౌంట్‌తో ఫైళ్ళన్నీ సెలెక్ట్ చేసి ‘మేక్ ఎ కాపీ’ కొట్టండి, ఆ కాపీలకి ఓనర్ కొత్త అకౌంటే అవుతుంది. ఒక సంగతి ముందే తెలుసుకోండి, కాపీలోకి పాత వెర్షన్ హిస్టరీ రాదు. ఆయన మొదట ఏం రాశారు, తర్వాత ఏది కొట్టేశారు అనేవి ఒరిజినల్‌లోనే ఉంటాయి. మీకు ఎడిటింగ్ హక్కు ఉన్న ఫైళ్ళలో వెర్షన్ హిస్టరీ తెరిచి ముఖ్యమైన పాత ప్రతుల్ని విడిగా కాపీ చేస్కోండి. పక్కన కామెంట్లలో ఆయన రాసుకున్నవి ఉంటే ఒక్కో డాక్యుమెంట్ తెరిచి ఫైల్ మెనూలోంచి కాపీ చేయండి, అక్కడ కామెంట్లు కూడా కాపీ చేయమని ఒక టిక్ ఉంటుంది, అది పెట్టండి. ఆ పైన మొత్తం ఫోల్డర్ డౌన్‌లోడ్ చేసి రెండు పెన్‌డ్రైవ్‌లలో, రెండు ఇళ్ళల్లో ఉంచండి.

పోయినవాళ్ళ అకౌంట్ గురించి కుటుంబసభ్యులు గూగుల్‌కి అర్జీ పెట్టుకునే ఫారం ఉంది, పెట్టండి, అది వాళ్ళు పరిశీలించి చెప్తారు, దానికోసం పని ఆపకండి. మిగిలిన మీ అయిదుగురూ మీ మీ గూగుల్ అకౌంట్ సెట్టింగ్స్‌లో ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ పెట్టుకోండి, 3 నెలల నుంచి 18 నెలల దాకా ఎంతకాలం వాడకపోతే ఎవరికి ఏం చేరాలో అందులో రాసుకోవచ్చు, 10 మంది దాకా పేర్లు ఇవ్వొచ్చు.

కాపీలు అయ్యాక అన్నయ్య గారి పాత ఫోల్డర్‌లో ఇంకేమీ రాయకండి, అది ఆయన వదిలినట్టే ఉండనివ్వండి. మీ కొత్త రాతంతా కొత్త అకౌంట్‌లోనే.